పనిపిల్ల మాట పెద్దల చెవిని పడాలి

2 రాజులు 5వ అధ్యాయంలోని నయమాను కథ మనలో చాలామందికి చిన్నప్పటి నుంచే తెలుసు. సిరియా సైన్యాధిపతికి కుష్ఠు వ్యాధి రావడం, ఎలీషా ప్రవక్త దగ్గరకు వెళ్లడం, యొర్దానులో ఏడుసార్లు మునిగి శుద్ధుడు కావడం, ఇవన్నీ సండే స్కూల్లో నేర్చుకున్నాం. కానీ ఈ కథ ఎక్కడ మొదలైందో గమనించారా? ఆ ఇంట్లో పనిచేస్తున్న ఒక చిన్న పిల్ల మాటతో మొదలైంది. ఇశ్రాయేలు దేశం నుంచి దండు తెచ్చిన బందీ ఆ అమ్మాయి. నయమాను భార్యకు పరిచారం చేసేది. షోమ్రోనులో ఉన్న ప్రవక్త దగ్గరకు వెళితే అయ్యగారు బాగవుతారని అమ్మగారితో చెప్పింది. ఆ మాట అమ్మగారి నుంచి అయ్యగారికి, అయ్యగారి నుంచి రాజుగారికి వెళ్లింది. పనిపిల్ల మాటను పెద్దలు విన్నారు కాబట్టే ఒక రోగి బాగుపడ్డాడు.

అయితే ఆ అమ్మాయి పేరు ఏ వచనంలోనూ లేదు. అయ్యగారు బాగుపడి వచ్చాక ఆమెను తల్లిదండ్రుల దగ్గరకు పంపారో లేదో కూడా గ్రంథం చెప్పదు. ఈ రెండో విషయమే నన్ను ఈ నాలుగు మాటలు రాయమంటోంది. మనకు ఉపయోగపడే మాటైతే పిల్లలు చెప్పినా వింటాం. వాళ్లకు ఉపయోగపడే మాటను వింటున్నామా?

జూన్ 12 సభ

2002 నుంచి ప్రతి ఏటా జూన్ 12న ప్రపంచ బాలకార్మిక వ్యతిరేక దినం జరుగుతోంది. మన ప్రాంతాల్లో ఈ సభలు ఎలా జరుగుతాయో అందరం చూశాం. వేదిక మీద నాయకులు, అధికారులు, మనవంటి సంఘ పెద్దలు. పూలదండలు, శాలువాలు. కింద ఎండలో అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డ పిల్లలు. రెండు గంటల ఉపన్యాసాల తర్వాత ప్రతిజ్ఞ, ఫోటో. ఆ పూట వేదిక మీదకు టీ గ్లాసులు అందించిన పిల్లవాడి వయసెంతో ఎవరూ అడగరు.

ఈ సభను తిరగేయాలన్నది నా అభిప్రాయం. పిల్లలు మాట్లాడాలి, పెద్దలు వినాలి. విన్న తర్వాత ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో పెద్దలు అక్కడే చెప్పాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1996లో మన పొరుగు రాష్ట్రం కర్ణాటకలోని కుందాపురలో 33 దేశాల నుంచి పనిచేసే పిల్లలు వచ్చి సమావేశమై, తమ కోరికలను పది అంశాలుగా రాసుకున్నారు. మాకు సంబంధించిన నిర్ణయాల్లో మమ్మల్ని అడగాలన్నది వాటిలో ఒకటి. పనిచేసే పిల్లలకు మంచి వైద్యం అందాలన్నది మరొకటి. ఆస్పత్రి నడిపే మనం ఈ రెండోది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పిల్లలు డబ్బు అడగలేదు, డాక్టరు కావాలన్నారు.

1998లో బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా ప్రపంచ యాత్ర సాగింది. జనవరిలో మనీలాలో బయలుదేరి అనేక దేశాలు దాటి జూన్ నాటికి జెనీవా చేరింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభలోకి పిల్లలు నడిచి వెళ్లారు. మరుసటి ఏడాది, 1999లో, అత్యంత హానికరమైన బాలకార్మిక రూపాలను నిర్మూలించాలనే 182వ ఒడంబడికను ఆ సంస్థ ఏకగ్రీవంగా ఆమోదించింది. 2020 నాటికి సభ్యదేశాలన్నీ దానిపై సంతకం చేశాయి. మన దేశం 2017లో చేసింది. 2004లో ఇటలీలోని ఫ్లారెన్సులో, 2005లో ఢిల్లీలో బాలకార్మికతపై పిల్లల ప్రపంచ మహాసభలు జరిగాయి. ఒకప్పుడు గనుల్లో, మగ్గాల దగ్గర పనిచేసిన పిల్లలు మంత్రుల ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగే రోజులు వచ్చాయి.

మన గడ్డ మీది అనుభవం

ఇంత దూరం పోనవసరం లేదు. ఒకప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో సిగ్గుపడాల్సిన రాష్ట్రం, గర్వపడాల్సిన రాష్ట్రం కూడా. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 5 నుంచి 14 ఏళ్ల మధ్య పనిచేస్తున్న పిల్లలు 1 కోటి 26 లక్షల మంది. వారిలో 13 లక్షల 60 వేలకు పైగా మన రాష్ట్రం వారే. అది సిగ్గు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని గర్వం. పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాలకు తెచ్చి, కొన్ని నెలలు చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. వేలాది పిల్లలు అలా బడికి చేరారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ పల్లెల్లో ఫలితం ఇచ్చింది ఉపన్యాసాలు కాదు. గొర్రెలు కాసే పిల్లవాడిని, వాడిని జీతానికి పెట్టుకున్న రైతును, సర్పంచిని, బడి పంతులును ఒకేచోట కూర్చోబెట్టారు. ఊరు ఊరంతా మాట్లాడుకుంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికుడేనని, అందరికీ పూర్తికాలపు బడే మందని ఒక నియమం పెట్టుకున్నారు. పనికి పెట్టుకున్న రైతే తర్వాత వాడిని బడిలో చేర్చడానికి ముందు నడిచిన ఊళ్లూ ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి కళ్లలోకి చూస్తూ వాడికి చదువెందుకు అనడం అంత తేలిక కాదు.

ఒక చిక్కు ప్రశ్న

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని దాటవేయకూడదు. కుందాపురలో సమావేశమైన పిల్లలు పని పూర్తిగా మాన్పించమని అడగలేదు. దోపిడీ వద్దన్నారు. చదువుకు, ఆటకు సమయం మిగిలేలా గౌరవమైన పని కావాలన్నారు. తాము చేసిన వస్తువులను బహిష్కరించవద్దని కూడా అన్నారు. పిల్లల మాట వినాలని చెబుతున్న మీరు ఈ మాట కూడా వింటారా అని ఎవరైనా అడగవచ్చు.

వింటాను. కానీ వినడం వేరు, భారాన్ని వాళ్ల మీదే వదిలేయడం వేరు. మన ఆస్పత్రికి వచ్చిన పిల్లవాడు సూది వద్దంటాడు. మనం వింటాం, బుజ్జగిస్తాం, వాడి భయం తెలుసుకుంటాం, నొప్పి తగ్గేలా చూస్తాం. మందు మాత్రం మానం. పదేళ్ల అమ్మాయి నేను పని మానేస్తే అమ్మ అప్పు ఎవరు తీరుస్తారు అని అడిగితే, ఆమె పని కావాలని కోరుతున్నట్టు కాదు. అప్పు గురించి పెద్దల్ని ప్రశ్నిస్తున్నట్టు. ఆ ప్రశ్నకు జవాబు వెతకాల్సింది సర్పంచి, బ్యాంకు, పొదుపు సంఘం, మన సంఘం. జవాబు లేదు కనుక నువ్వు పనికే పో అని చెప్పడం వినడం అనిపించుకోదు. కాబట్టి ఈ వాదంలో నేను పూర్తికాలపు బడి వైపే. అయితే బడికి పోయే దారిలో ఏ ముళ్లున్నాయో చెప్పగలిగేది ఆ దారిలో నడిచే పిల్లలే. అందుకే వాళ్లు ఆ సభలో ఉండాలి.

విత్తన పత్తి చేలో

ఒక్క ఉదాహరణ చూద్దాం. హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పని కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో పిల్లల్ని బడికి దూరం చేసింది. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. మధ్యాహ్నం ప్రతి మొగ్గనూ చేత్తో విప్పి పుప్పొడి భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. నెలల తరబడి రోజూ ఇదే పని. క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లయితేనే సున్నితంగా చేస్తాయని పెద్దలు చెబుతారు. అది సాకు. చిన్నవాళ్లకు కూలి తక్కువ, ఎదురు చెప్పరు, ఎక్కువ గంటలు వంగి ఉంటారు. సీజను ముందే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను కట్టేసుకుంటారు.

ఆ రైతును మాత్రమే తిట్టి ఊరుకుంటే లాభం లేదు. విత్తనానికి కంపెనీ ఇచ్చే ధర పెద్దవాళ్ల కూలికి సరిపోకపోతే అతను పిల్లల వైపే చూస్తాడు. 2000 తర్వాత ఈ విషయం బయటకొచ్చి ఒత్తిడి పెరిగాక, కొన్ని కంపెనీలు పిల్లల్ని పెట్టుకోని రైతులకు ప్రోత్సాహకం ఇవ్వడం మొదలుపెట్టాయి. దీన్నిబట్టి సభకు ఎవరిని పిలవాలో తెలుస్తుంది. సర్పంచితో పాటు ఆర్గనైజరు రావాలి. ధర నిర్ణయించేవాళ్ల మనిషి రావాలి. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ రావాలి. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారికి ఆ పిల్ల మాట వినిపించాలి.

ఇక ఆరోగ్యం సంగతి. పురుగుమందు కొట్టిన చేలోనే ఈ పిల్లలు మొగ్గలు విప్పుతారు. పిల్లల చర్మం పలుచన, బరువుతో పోల్చితే వాళ్లు పీల్చే గాలి ఎక్కువ, ఎదుగుతున్న మెదడు, నరాలు సున్నితం. పెద్దవాళ్లు తట్టుకునే మోతాదు పిల్లల్ని పడగొడుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, చెమటలు, నోట చొంగ, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే ఎండదెబ్బ అనుకుని ఇంట్లో పడుకోబెట్టకండి. వెంటనే చేలోనుంచి దూరంగా తీసుకురండి. బట్టలు విప్పి సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడగండి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. మందు డబ్బా లేదా దాని లేబుల్ వెంట తీసుకుని ఆస్పత్రికి రండి.

బీడీలు చుట్టే ఇళ్లలో పొగాకు దుమ్ము, ఇటుక బట్టీల్లో బూడిద, పొగ, మోయలేని బరువులు, మిరప తోటల్లో ఘాటు, హోటళ్లలో కాలిన చేతులు. ఇవన్నీ మన ఓపీకి దగ్గు, నడుంనొప్పి, కళ్లమంట అనే పేర్లతో వస్తాయి.

మనం ముందు వినాలి

ఇతరులకు చెప్పే ముందు మన ఇల్లు చక్కదిద్దుకుందాం. ఓపీలో రోజూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. ఏమైంది బాబూ అని డాక్టరుగారు పిల్లవాడిని అడుగుతారు. జవాబు తల్లి చెబుతుంది. ఏం చదువుతున్నావమ్మా అంటే ఆ అమ్మాయి తల్లి ముఖం చూస్తుంది. ఆ చూపులో జవాబు ఉంది. మనం చీటీ రాసి పక్క రోగిని పిలుస్తాం. పొద్దున్నుంచి ఏం పని చేశావు, ఎక్కడ కూర్చుని చేశావు, ఏది ముట్టుకున్నావు అనే మూడు ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు దొరికితే రోగమూ దొరుకుతుంది.

రెండోది ఇంకా కష్టమైన మాట. పిల్లలు పనిలోకి పోవడానికి ఇంట్లో పెద్దవాళ్ల జబ్బు ఒక పెద్ద కారణం. తండ్రికి క్షయ వచ్చింది, తల్లికి ఆపరేషన్ అయ్యింది. అప్పు చేశారు. మరుసటి వారం పెద్దపిల్ల బడి మానేసింది. మనం రోగిని బాగుచేసి పంపించామని స్తోత్రం చెప్పుకుంటాం. బిల్లు ఎవరి చేతుల మీదుగా తీరుతోందో అడగం. ఇకనుంచి అడ్మిషన్ సమయంలోనే ఈ జబ్బు వల్ల మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు బడి మానేశారా అని అడగాలని, మానేసి ఉంటే ఆ కుటుంబాన్ని ధర్మనిధి జాబితాలో ముందు చేర్చాలని నేను కోరుతున్నాను. క్షయ రోగులకు చికిత్సా కాలంలో పోషకాహారం కోసం ప్రభుత్వం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు అయ్యింది. ఇలాంటివి రోగికి తెలియజెప్పడం కూడా ఒక పిల్లను బడిలో నిలపడమే.

మూడోది మన సంఘ కుటుంబాల సంగతి. చదివిస్తామని పల్లెనుంచి తెచ్చిన బంధువుల పిల్ల మన ఇళ్లలో అంట్లు తోముతూ పెరగడం లేదా? ఆదివారం మనం గుడికి వస్తే ఆ పిల్ల ఇంట్లో పసిబిడ్డను చూసుకుంటూ ఉండిపోవడం లేదా? ఇళ్లలో, హోటళ్లలో పిల్లల్ని పనికి పెట్టుకోవడాన్ని ప్రభుత్వం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించింది. 2016 సవరణ తర్వాత 14 ఏళ్లలోపు వారిని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబ పనిలో బడి వేళల తర్వాత, సెలవుల్లో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. తప్పితే ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా. మన దయను చట్టం నేరమంటోంది. నయమాను భార్య కూడా ఆ పిల్లకు తిండి పెట్టే ఉంటుంది.

సభ ఇలా జరుపుదాం

ఈ ఏడాది మన సంఘ ఆవరణలో జరిగే సభ కోసం కొన్ని సూచనలు చేస్తున్నాను.

ముందుగా పిల్లలు విడిగా కూర్చోవాలి. వాళ్లు నమ్మే ఇద్దరు పెద్దలు మాత్రమే తోడుండాలి. ఏం చెప్పాలో, ఎవరు చెప్పాలో వాళ్లే తేల్చుకోవాలి. ఇష్టం లేని పిల్లను నిలబెట్టవద్దు.

పిల్లల్ని ఏడిపించే ప్రశ్నలు అడగవద్దు. వాళ్ల బాధ మనకు సాక్ష్యం కాదు. పని ఎన్నింటికి మొదలవుతుంది, బడి ఎంత దూరం, ఏం మారితే వస్తావు అని అడగాలి.

ఫోటోలు, పేర్లు పత్రికకు ఇవ్వవద్దు. ఈ కరపత్రంలోనూ వేయవద్దు. సభలో మాట్లాడినందుకు మర్నాడు దెబ్బలు తిన్న పిల్ల మళ్లీ జన్మలో నోరు విప్పదు.

పెద్దలు, పిల్లలు ఒకే చాప మీద కూర్చోవాలి. సర్పంచి, హెడ్మాస్టరు, ఆశా కార్యకర్త, మన పాస్టరుగారు, మసీదు పెద్దలు, గుడి పెద్దలు, మేస్త్రీలు, యజమానులు అందరూ రావాలి. బాల్యానికి మతం లేదు.

చివరగా, ప్రతి పెద్ద ఒక పని, ఒక తేదీ చెప్పాలి. అది పుస్తకంలో రాయాలి. మూడు నెలల తర్వాత మళ్లీ కూర్చుని, ఆ పుస్తకాన్ని పిల్లల చేతే చదివించాలి. రెండో సభ పెట్టే ధైర్యం లేకపోతే మొదటి సభ పెట్టవద్దు. మాట తప్పిన పెద్దల్ని చూడటం కన్నా ఆ పిల్లలు ఏ పెద్దనూ చూడకపోవడమే మేలు.

దీనికి వాక్యంలో ఆధారం లేకపోలేదు. బాలుడైన సమూయేలుకు వచ్చిన మాట ఏలీ ఇంటికే వ్యతిరేకమైనది. చెప్పడానికి ఆ పిల్లవాడు భయపడ్డాడు. దాచకుండా చెప్పమని ఏలీయే అడిగాడు, విన్నాడు, కోపగించుకోలేదు. ఎన్ని తప్పులున్నా ఆ ఒక్క విషయంలో ఏలీ మనకు మాదిరి. పిల్లల్ని ప్రభువు దగ్గరకు రానివ్వకుండా అడ్డుకున్నది కూడా పరాయివారు కాదు, శిష్యులే. ప్రభువు కోపపడింది వారి మీదే.

2011 జనాభా లెక్కల్లో మన దేశంలో పనిచేసే పిల్లలు ఇంకా కోటికి పైగా ఉన్నారు. 2025 నాటికి బాలకార్మికతను అంతం చేస్తామని ప్రపంచ దేశాలు మాటిచ్చుకున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ నివేదిక ప్రకారం 2024లో ఇంకా 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు పనిలో ఉన్నారు. వారిలో 5 కోట్ల 40 లక్షల మంది ప్రమాదకరమైన పనుల్లో ఉన్నారు. అందరికన్నా ఎక్కువ మంది వ్యవసాయంలోనే. 2020లో 16 కోట్లు ఉండేవారు కాబట్టి తగ్గుతున్నారు. అంటే ఇది తగ్గే జబ్బే. మందు తెలిసిన జబ్బే.

ఎవరైనా పిల్ల పనిలో చిక్కుకుని ఉందని మీకు తెలిస్తే 1098 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు ఖర్చు కాదు. ఈ ఆస్పత్రికి మీరు వచ్చినప్పుడు, మీ పిల్ల బడి మానేసిందని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. జ్వరం చెప్పినట్టే చెప్పండి. సంఘ కుటుంబాల వారు ఈ ఆదివారం ఇంటికి వెళ్లాక, మీ వంటింట్లో పనిచేసే పిల్లను కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. నీకు ఏం కావాలమ్మా అని. తర్వాత ఆగండి. ఆమె చెప్పేదాకా ఆగండి.

నయమాను ఇంట్లో ఆ అమ్మాయిని అలా ఎవరైనా అడిగి ఉంటే, ఇంటికి పోతానని చెప్పి ఉండేదేమో.